నలభై రెండో కాగితం

ఆ సోమవారం పొద్దున జనరల్ గారింటి గేటు ముందు నిలబడేసరికి గీటురాయి దగ్గర ఉన్నవి నాలుగే: ఒక కొలత టేపు, ఒక భూతద్దం, పొట్టి స్క్రూడ్రైవరు, లోపలి జేబులో బేరానికి సరిపడా డబ్బు. ఐదోది జేబులో కాదు, కడుపులో ఉంది. అనుమానం. అది వెంట లేకుండా అతను ఏ ఇంటి గడపా తొక్కలేదు. తొక్కినచోట నష్టపోయిందీ లేదు.

పాత సామాన్ల బజారులో అతని అసలు పేరు అందరూ మరిచిపోయి చాలా కాలమైంది. ఏ వస్తువు చూసినా ముందు దాని అడుగున బొటనవేలి గోరుతో ఒక గీత గీసి చూస్తాడు. పైన పాలిషు ఎవడైనా పూస్తాడు, అడుగున ఎవడూ పూయడు, అంటాడు. అందుకని బజారు అతన్ని గీటురాయి అంది. ఊరికే వచ్చిన పేరు గదా అని అతనూ ఉంచుకున్నాడు.

జనరల్ గారు తొంభై ఒకటో ఏట పోయారు. ఇంకా నెల తిరగలేదు. సగం పత్రికలు ఊరిని కాపాడిన మనిషని రాశాయి. సగం పత్రికలు సొంత మనుషుల్ని నదికి అవతల వదిలేసి వంతెన పేల్చిన మనిషని రాశాయి. రెండూ నిజమేనని గీటురాయికి తెలుసు. ఆ రోజు వంతెన పేలకపోయి ఉంటే ఈ బజారూ లేదు, అందులో అతని కొట్టూ లేదు. అవతలి గట్టున ఉండిపోయిన పదకొండు మందిలో అతని అన్న ఒకడు. అక్కడికి లాభనష్టాలు సరిపోయాయని అనుకుందామంటే, తర్వాత జనరల్ గారు రాసిన నివేదికలో ఒక వాక్యం ఉంది: ఆ పదకొండు మందీ ఉత్తరువు లేకుండా మూడు గంటలకే చోటు విడిచి పారిపోయారు. వంతెన పేలింది నాలుగుంపావుకి. ఆ ఒక్క వాక్యం వల్ల ఊరి నడుమ రాతిస్తంభం మీద పదకొండు పేర్లు ఎక్కలేదు. పదకొండు ఇళ్ళకి పింఛను రాలేదు.

అలాంటి ఇంటికి ఎందుకు వెళ్ళాడంటే, పిలిచారు కాబట్టి వెళ్ళాడు. టేకుకి పాపపుణ్యాలు అంటవని అతని లెక్క.

తలుపు తీసింది జనరల్ గారి అమ్మాయి. అమ్మాయంటే అరవైకి దగ్గరపడిన మనిషి. బడిలో లెక్కలు చెప్పి రిటైరయిందట. చెప్పులు విప్పబోతుంటే వద్దంది.

"మొత్తం గుత్తగా ఇచ్చేద్దామనుకుంటున్నానండీ. ఒక్కొక్కటీ అమ్ముకునే ఓపిక లేదు."

"ముందు చూడనివ్వండమ్మా. ఓపిక సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

గదులన్నీ తిరిగాడు. ఎనిమిది భోజనాల కుర్చీలు, ఒక కాలు పొట్టి. రెండు బీరువాలు, ఒకదాని వీపు చెక్క మార్చారు. ఒక చేతుల కుర్చీ, సీటు కేను నడుమ తెగి గుంట పడింది. మనిషి ఎన్నేళ్ళు ఒకేచోట కూర్చున్నాడో ఆ గుంట చెబుతోంది. చివరి గదిలో కిటికీ పక్కన రాతబల్ల. దాన్ని చూడగానే అతని మొహంలో ఏ కదలికా లేదు. నచ్చిన వస్తువు ముందు మొహం చచ్చిపోవడం అతను ముప్పయ్యేళ్ళు కష్టపడి నేర్చుకున్న విద్య. మోకాళ్ళ మీద కూర్చుని కిందికి దూరాడు. గోరుతో గీశాడు. పాత టేకు, మెత్తని నూనె వాసన. సొరుగుల మూలలు వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు అతికారు, ఒక్క మేకు లేదు. ఎడమవైపు మూడు సొరుగులు, కుడివైపు మూడు. ఐదు ఖాళీ. కుడివైపు అన్నిటికన్నా కిందిది కదల్లేదు.

"దీని తాళం చెవి?"

"ఎక్కడో ఉంది. వెతికి పంపిస్తాను."

"లోపల ఏముందో?"

"ఉన్నదేదో బల్లతో పాటే." ఆవిడ కిటికీ వైపు చూస్తూ అంది.

మిగతా ఐదు సొరుగుల్లో దుమ్ము రేణువు లేకుండా తుడిచి పెట్టిన మనిషి ఆరోదాని తాళం చెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోయిందా? గీటురాయి కడుపులోని ఐదో వస్తువు ఒకసారి దొర్లింది. అయినా ధర చెప్పాడు. ఆవిడ రెట్టింపు అడుగుతుందని, తను తల పట్టుకుంటానని, నడిమధ్య ఎక్కడో తేలుతుందని లెక్క వేసుకునే చెప్పాడు.

"సరే," అందావిడ.

అతని లెక్కలో మొదటి మాటకే సరే అన్నారంటే పుచ్చన్నా ఉండాలి, దావా అన్నా ఉండాలి, దొంగ సొత్తన్నా కావాలి.

"మీ కొట్టు వెనక కుర్చీలు అల్లేది మీ వదిన గారే కదూ?"

"ఆవిడే. మీకెలా తెలుసు?"

"చూశాను." అంతకు మించి చెప్పలేదు. డబ్బు లెక్క పెట్టుకోకుండానే బల్ల మీద పెట్టి, "ఒకటి అడుగుతాను. మీ వ్యాపారంలో బేరం ఎప్పుడు తెగినట్టు? డబ్బిచ్చినప్పుడా, సామాను బండెక్కినప్పుడా?" అంది.

లెక్కల టీచరు అడిగిందని అతనూ కొంచెం ఛాతీ విరుచుకున్నాడు. "తాళమున్న వస్తువుకి రెండూ కాదమ్మా. చెవి చేయి మారినప్పుడు. చెవి మారాక లోపల సూది దొరికినా సువర్ణం దొరికినా కొన్నవాడిదే. మారేదాకా అమ్మినవాడిది. మా బజారు మొత్తానికి ఇదే పద్ధతి. ఎవడూ తప్పడు."

"మీరు?"

"నేనే అందరికన్నా గట్టిగా పట్టుకున్నవాణ్ణి."

అది అబద్ధం కాదు. ఒకసారి ఒక ఇల్లాలి దగ్గర బీరువా కొన్నాడు. చెవి చేతికి వచ్చింది. మర్నాడు ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి, అరలో కాగితం కింద కమ్మలు మరిచిపోయానంది. కొట్టు మెట్ల మీద పూటంతా కూర్చుని ఏడ్చింది. గీటురాయి ఇవ్వలేదు. పద్ధతి అంటే పద్ధతి అన్నాడు. బజారు ఆ రోజు అతన్ని మెచ్చుకుంది.

*

మంగళవారం సామాను దిగింది. దించుతున్నంతసేపూ వడ్రంగి తలుపు దగ్గర నిలబడి ఒక్కో వస్తువునీ ఆసుపత్రిలో చేరిన మనిషిని చూసినట్టు చూశాడు. వడ్రంగికీ గీటురాయికీ చుట్టరికం లేదు. అయినా పాతికేళ్ళుగా ఒకణ్ణొకడు బావా అని పిలుచుకుంటూ, ఆ చనువుతో ఒకణ్ణొకడు తిట్టుకుంటూ ఒకే కొట్టులో బతుకుతున్నారు.

"ఏం బావా, ఈ ధరకి ఇంత సామానా? ఇంట్లోవాళ్ళు నిద్రలో ఉండగా తెచ్చావా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. పుచ్చు చూడు."

"చూశాను. లేదు."

"మళ్ళీ చూడు."

వెనక వసారాలో వదిన, పోయిన అన్న భార్య, పీట మీద కూర్చుని ఒక కుర్చీ చట్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి అల్లుతోంది. పక్కన బేసినులో కేను చుట్టలు నానుతున్నాయి. అరవై దాటిన వేళ్ళు. కింది నుంచి పోగు రావడం, చిల్లులో మేకు దిగగొట్టడం, పోగు లాగి బిగించడం, అంతా చూడకుండానే జరిగిపోతుంది. గీటురాయి ఆ చేతుల కుర్చీని తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు.

"ఇది మొత్తం విప్పి కొత్తది అల్లాలి వదినా."

ఆవిడ ఆ గుంటని చూసింది. "ఎవరిది?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆవిడ దగ్గర ఎప్పుడూ చెల్లలేదు. చెప్పాడు.

ఆవిడ చేతిలో పోగు వదల్లేదు. లాగి, బిగించి, మేకు దిగగొట్టి, అప్పుడంది. "అవతల పెట్టు నాయనా. నీ వ్యాపారం నువ్వు చేసుకో. అది మాత్రం నా పీట దగ్గరికి తేవద్దు."

ఆ మధ్యాహ్నమే స్మారక కమిటీ కార్యదర్శి కారు దిగాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. కొట్టులో ఇంకేదీ చూడకుండా సరాసరి రాతబల్ల దగ్గరికి వెళ్ళి, చెయ్యి వేయకుండా దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేనండీ షావుకారు గారూ. యుద్ధ నివేదిక రాసిన బల్ల. శనివారం స్మారక మందిరం తెరుస్తున్నాం. గాజు గదిలో పెడతాం. ఆ రోజు ఆయన ధైర్యం చెయ్యకపోతే మీరూ నేనూ ఇలా మాట్లాడుకునేవాళ్ళమా?"

"కాదండీ," అన్నాడు గీటురాయి. నిజం గదా.

కార్యదర్శి చెప్పిన ధర మొత్తం ఇంటి సామానుకి అతను పెట్టినదానికి మూడు రెట్లు. బయానా అక్కడికక్కడే తీశాడు. "ఒకటే షరతు. ఉన్నది ఉన్నట్టుగా కావాలి. పాలిషు వద్దు. ఆ కింది సొరుగు తాళం కూడా ముట్టుకోవద్దు. చెవి దొరికితే కవర్లో పెట్టి మాకే పంపండి."

ఆ సొరుగుకి తాళం వేసి ఉందని ఇతనికెలా తెలుసు? చేతిలో నోట్లు పడ్డాక ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోయింది. గీటురాయి దాన్ని మింగి, రసీదు రాసిచ్చాడు. శుక్రవారం పంపిస్తానన్నాడు.

కారు కదిలాక వడ్రంగి అన్నాడు. "కొనేవాడు బల్ల చుట్టూ తిరిగాడు గానీ గోరు పెట్టలేదు బావా. బల్ల కోసం వచ్చినవాడు కాదు."

*

బుధవారం పొద్దున వడ్రంగి బల్లని పంపడానికి సిద్ధం చేస్తున్నాడు. పాలిషు వద్దన్నారు గానీ సొరుగులు బిగుసుకుంటే మాట పడేది కొట్టువాడే. ఒక్కొక్క సొరుగూ పూర్తిగా బయటికి లాగి, పక్కలకి కొవ్వొత్తి రుద్ది, మళ్ళీ తోస్తున్నాడు. కుడివైపు నడిమి సొరుగు లాగి, ఆ ఖాళీలోకి తొంగి చూసి, ఈల వేయబోయి ఆపుకున్నాడు.

"బావా. రెండు సొరుగుల మధ్య చెక్క లేదు."

అంటే పై సొరుగు తీసేస్తే తాళం వేసిన సొరుగు పైనుంచి తెరిచిన పెట్టే. పాత బల్లల్లో ఇది మామూలు. అందుకే తెలిసినవాళ్ళు నగలు రాతబల్లలో దాచరు. గీటురాయి వాకిలి వైపు ఒకసారి, వెనక వసారా వైపు ఒకసారి చూసి, చెయ్యి లోపలికి పెట్టాడు.

రెండు వస్తువులు బయటికి వచ్చాయి. ఒకటి ఉత్తరాల కట్ట. కవరు మీద రాత చూడగానే అతనికి తెలిసిపోయింది. నిలువుగా, అల్లికలాగా బిగించి రాసిన అక్షరాలు. వదిన చేతిరాత. ప్రతి ఏడూ వంతెన పేలిన రోజున ఆవిడ జనరల్ గారికి ఒక ఉత్తరం రాస్తుంది. జవాబు ఎన్నడూ రాలేదు. చించకుండా చెత్తబుట్టలో వేసి ఉంటాడని ఇంట్లో అందరూ అనుకునేవారు. ఇవి చించి ఉన్నాయి. చాకుతో, అంచు చెదరకుండా. లెక్క పెట్టాడు. ముప్పయ్యేడు. రాసినవన్నీ.

రెండోది కార్బను పెట్టి రాసే సందేశాల పుస్తకం. సైన్యం వాళ్ళది. ప్రతి నంబరుకీ రెండు కాగితాలు. పైది రాసి, చిల్లుల గీత దగ్గర చించి పంపిస్తారు. కింది నకలు పుస్తకంలోనే ఉండిపోతుంది. గీటురాయి భూతద్దం తీశాడు. చదవడానికి ముందు, చదవదగ్గదేనా అని చూడాలి గదా. పిన్ను తుప్పు అన్ని కాగితాల్లోకీ ఒకే మరకగా దిగింది. పై కాగితం మీద నొక్కి రాసిన గీతలు కింది కాగితాల మీద గుంటలుగా పడ్డాయి. మధ్యలో ఎవరో తర్వాత దూర్చింది కాదు. ఇంకా అనుమానం తీరక గోరుతో మూల గీశాడు. అప్పుడు చదివాడు.

నలభై ఒకటి. పైది చించేశారు, నకలు ఉంది. రెండున్నర గంటలు. అవతలి గట్టు దళానికి: ఆరు గంటల దాకా చోటు విడవవద్దు.

నలభై మూడు. పైది చించేశారు, నకలు ఉంది. మూడూ యాభై అయిదు. పేల్చే దళానికి: నాలుగుంపావుకి వంతెన పేల్చండి.

ఈ రెండింటి నడుమ నలభై రెండు. మూడూ నలభై. అవతలి గట్టు దళానికి: వెంటనే వంతెన దాటి వెనక్కి రండి. కింద సంతకం. దాని నకలు ఉంది. దాని పైది కూడా ఉంది. చిల్లుల గీత దగ్గర కొద్దిగా, వేలెడు మేర చిరిగి ఆగిపోయింది.

రాశాడు. చించబోయాడు. పంపలేదు.

గీటురాయి పాత కుర్చీ మీద కూర్చుండిపోయాడు. పొట్టి కాలుది. అది ఒక పక్కకి ఒరిగింది.

"మూడు గంటలకే పారిపోయినవాళ్ళకి మూడూ నలభైకి వెనక్కి రమ్మని ఎవడు రాస్తాడు బావా," అన్నాడు వడ్రంగి, గొంతు బాగా తగ్గించి.

వెనక వసారాలో మేకు దిగగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మూడు దెబ్బలు, ఆగడం, మూడు దెబ్బలు.

"జేబులో వేసుకో."

"బల్ల మీద బయానా ఉంది. ఉన్నది ఉన్నట్టుగా అని రసీదు రాశాను."

"చెవి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది గదా? నీ పద్ధతి ప్రకారం ఇది ఇంకా ఆవిడదే. కమిటీది కాదు."

"ఆవిడెవరు? ఆయన కూతురు. ఆవిడకి చెబితే పొయ్యిలోకి పోతుంది. కమిటీకి పంపితే గాజు గదిలోకి పోతుంది, తాళంతో సహా. రెండూ ఒకటే."

"అందుకే జేబులో వేసుకోమంటున్నా. ఎవడు చూశాడు?"

"నేను చూశాను. నువ్వు చూశావు." గీటురాయి పుస్తకం మూశాడు. "అది కూడా వదిలెయ్. పింఛన్ల ఆఫీసుకి పట్టుకెళ్ళామనుకో. మొదట ఏమడుగుతారు? ఎక్కడిదిది అంటారు. తాళం వేసిన సొరుగులోంచి పైనుంచి చెయ్యి పెట్టి తీశానని చెప్పనా? దొంగ చేతిలోని కాగితం ఎంత నిజమైనా చిత్తు కాగితమే. ఇది నాదేనని అమ్మేవాడు నోటితో చెప్పని వస్తువుని నేనే కొనను, వాళ్ళెలా తీసుకుంటారు?"

"మరేం చేస్తావు?"

గీటురాయి పుస్తకాన్నీ ఉత్తరాల కట్టనీ ఎక్కడివి అక్కడ దించాడు. నడిమి సొరుగు తోశాడు. కొవ్వొత్తి రుద్దిన సొరుగు చప్పుడు లేకుండా జారి మూసుకుంది. ఆ మధ్యాహ్నం వదిన పళ్ళెం పెట్టి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆవిడ అతని మొహం వైపు చూసి, "ఎక్కడో మోసపోయినట్టున్నావు," అంది.

"ఇంకా తేలలేదు వదినా."

*

గురువారం పొద్దున మళ్ళీ జనరల్ గారి గేటు. ఈసారి టేపూ లేదు, భూతద్దమూ లేదు. దారి పొడుగునా ఒక బేరం అల్లుకుంటూ వచ్చాడు. చెవి ముందు చేతిలో వేయించుకోవాలి. ఆ తర్వాత ఇది నాది అనాలి. చెవి మారాక ఆవిడ ఏడ్చినా చేసేదేమీ లేదు. తలుపు తెరుచుకుంది. ఖాళీ ఇంట్లో అతని దగ్గు గట్టిగా వినిపించింది. ఆవిడ నేల మీద చాప వేసుకుని ఉంటున్నట్టుంది.

"చెవి కోసం వచ్చారా?"

అవునంటే అయిపోయేది. నోటిదాకా వచ్చిన ఆ మాట అక్కడే ఆగింది. కొట్టు మెట్ల మీద పూటంతా కూర్చున్న ఇల్లాలు ఎందుకో గుర్తొచ్చింది.

"కాదమ్మా. పై సొరుగు తీస్తే కిందిది కనిపించింది. చెయ్యి పెట్టాను. చదివాను. మళ్ళీ అక్కడే పెట్టాను. చెవి మారలేదు, కాబట్టి అవి మీవే. కమిటీవాళ్ళకి బల్ల అమ్మి బయానా తీసుకున్నాను. శుక్రవారం పంపాలి. ఇదీ లెక్క. ఇప్పుడు మీ ఇష్టం."

చెప్పేశాక, తన జీవితంలో ఇంత చచ్చు బేరం ఇంకోటి చెయ్యలేదనుకున్నాడు.

ఆవిడ కుడి పిడికిలి విప్పింది. చిన్న ఇత్తడి చెవి. అరచేతిలో దాని పళ్ళ అచ్చు ఎర్రగా పడి ఉంది.

"సోమవారం నుంచి దీన్ని పట్టుకుని నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళాను. మీ కొట్టు దాకా రాలేకపోయాను. కాల్చెయ్యమని చెప్పిపోయారు నాన్నగారు. కాల్చలేకపోయాను. నా చేత్తో బయటపెట్టనూ లేకపోయాను. మీరు వ్యాపారస్తులు, అదే రోజు తాళం పగలగొట్టి చూస్తారనుకున్నాను. అందుకే వెతికి వెతికి మిమ్మల్ని పిలిచాను."

"తాళం పగిలితే వస్తువు సగం ధరకి పడిపోతుందమ్మా."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కార్యదర్శి గారికి తెలుసు. నాన్నగారి ఆఖరి రోజుల్లో ఆయనే పక్కన కూర్చునేవారు. బల్ల తనకే ఇమ్మని రెండుసార్లు అడిగారు. నేను ఇవ్వలేదు."

"మీరు నన్ను మోసం చేస్తున్నారనుకున్నాను."

"మోసం కాదండీ, పిరికితనం. మా ఇంట్లో అది కొత్త కాదు." చెప్పులు వేసుకుంది. "పదండి. మీ పద్ధతి ప్రకారం అవి ఇంకా నావే గదా. నావైతే నేనే తీస్తాను."

వడ్రంగి వాళ్ళిద్దర్నీ చూసి చేతిలో ఉలి కింద పెట్టాడు. గీటురాయి వెనక వసారాలోకి వెళ్ళి వదినని పిలిచాడు. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, వచ్చినావిడని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగుదురు. ఏటా స్తంభం దగ్గర పేర్లు చదివే రోజున ఒకరు తాడుకి లోపల కూర్చునేవారు, ఒకరు తాడుకి బయట నిలబడేవారు.

చెవి తిరిగింది. జనరల్ గారి అమ్మాయి ముందు ఉత్తరాల కట్ట తీసి వదిన చేతిలో పెట్టింది.

వదిన కవర్లని చూడలేదు. కవర్ల అంచులు చూసింది. ఒక్కో అంచునీ వేలితో తడిమింది.

"చించాడు," అంది.

"ప్రతి ఏడూ చదివేవారు. చదివి మళ్ళీ అదే మడతలో మడిచేవారు."

"చదివినవాడు జవాబు రాస్తే ఒక కాగితం ఖర్చు."

గీటురాయి పుస్తకం విప్పి మూడు కాగితాలూ చదివి వినిపించాడు. నలభై రెండు దగ్గర వదిన చెయ్యి చాచింది. చిల్లుల గీత దగ్గర వేలెడు చిరుగు మీద బొటనవేలు పెట్టి, పోగు బిగువు చూసినట్టు మెల్లగా లాగి చూసింది. ఊడలేదు.

"ఇది పంపితే మీవాళ్ళు వంతెన మీద ఉండగానే శత్రువులు వెనకే వచ్చేస్తారని, ఊరు పోతుందని..." అంది జనరల్ గారి అమ్మాయి. "అలా అనుకున్నానని నాన్నగారు ఒకసారి చెప్పారు. నిజమో కాదో నాకు తెలియదు."

"నిజమేనేమో. పంపలేదని నేనెప్పుడైనా అడిగానా? ఉత్తరాలు నువ్వూ చదివే ఉంటావు. ఈ బజారు మిగిలింది, అందులోనే కూర్చుని తింటున్నాను. నాకు తెలియకేం?" వదిన గొంతు పెరగలేదు. "పారిపోయారని ఎందుకు రాశాడు? ముప్పయ్యేడుసార్లూ అదొక్కటే అడిగాను."

"పారిపోయారని రాయకపోతే, పిలవలేదని రాయాల్సి వచ్చేది," అంది జనరల్ గారి అమ్మాయి.

వదిన ఆ మాటని తిప్పి తిప్పి చూసింది. పగులున్న చెక్కని చూసినట్టు. తర్వాత తను కూర్చునే పీట తెచ్చి ఆవిడ ముందు వేసింది. "కూర్చో అమ్మా."

*

శుక్రవారం పొద్దున ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి పింఛన్ల ఆఫీసుకి వెళ్ళారు. పుస్తకం ఎక్కడిదని అడిగితే, మా నాన్నగారి సొరుగులోదని ఆయన కూతురే చెప్పి సంతకం పెట్టింది. గుమాస్తా రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుని, పదకొండు పేర్లతో దరఖాస్తు తీసుకుని, నంబరు వేసిన రసీదు ఇచ్చాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే పైకి చూశాడు.

అదే పూట కార్యదర్శి కొట్టుకి వచ్చాడు. తెరిచి ఉన్న సొరుగుని చూశాడు. చూసి, అందులో ఏముండేదో ఒక్క మాట అడగలేదు. అడగకపోవడంతోనే గీటురాయికి మిగతా అనుమానమంతా తీరిపోయింది.

"ఉన్నది ఉన్నట్టుగా అన్నాం కదండీ."

"అమ్మినావిడ చెవి ఇవ్వక ముందే మీ దగ్గర బయానా తీసుకున్నాను. తప్పు నాదే. మా పద్ధతి ప్రకారం తప్పు చేసినవాడు రెట్టింపు తిరిగివ్వాలి. ఇదిగోండి. బల్ల కావాలంటే ఇప్పటికీ పట్టుకెళ్ళవచ్చు. అదే బల్ల. అదే టేకు."

కార్యదర్శి డబ్బు తీసుకున్నాడు. బల్ల తీసుకోలేదు.

"బావా," అన్నాడు వడ్రంగి, కారు వీధి మలుపు తిరిగాక, "పాతికేళ్ళలో నువ్వు నష్టానికి బేరం చెయ్యగా చూడలేదని నా మనవలకి చెబుదామనుకున్నాను. పాడుచేశావు."

గీటురాయి మనసులో లెక్క వేసుకుంటున్నాడు. ఎనిమిది కుర్చీల్లో ఏడు పోయాయి, పొట్టి కాలుది మిగిలింది. బీరువాలకి బేరం వచ్చింది, అసలు రావచ్చు. బల్ల కొట్టు నడుమ చోటంతా ఆక్రమించుకుని ఉంది. ఈ వార్త బజారంతా పాకాక దాన్ని ఎవరు కొంటారో తెలియదు. బయానా రెట్టింపు చేతి నుంచి పోయింది. స్తంభం మీద పేర్లు ఇంకా ఎక్కలేదు. చేతిలో ఉన్నది ఒక నంబరు. కమ్మల ఇల్లాలు ఎక్కడుందో పొద్దున ఇద్దరు ముగ్గురిని అడిగాడు, ఎవరికీ తెలియదు. ఆ కమ్మలు కరిగించి ఇరవై ఏళ్ళయింది. ఆ పద్దు అలాగే ఉంటుంది. కడుపులో ఉండే ఐదో వస్తువు కోసం వెతికితే, ఆ ఒక్క పూటకి అది కనిపించలేదు.

వెనక వసారాలోంచి చప్పుడు వినిపించింది. మేకు దెబ్బ కాదు. కత్తెర చప్పుడు. వెళ్ళి చూశాడు.

వదిన పీట మీద కూర్చుని, జనరల్ గారి చేతుల కుర్చీని మోకాళ్ళ మధ్య బిగించుకుని, నడుమ గుంట పడ్డ పాత కేను చుట్టూ కత్తిరించి తీసేస్తోంది. చట్రంలో చిల్లులు ఒక్కొక్కటీ బయటపడుతున్నాయి.

"సన్న కేను ఉందా నాయనా, లావుదేనా?" అంది తల ఎత్తకుండా. "కూర్చున్నది ఎవరైతేనేం, చట్రం మంచిది."

బేసినులో చెయ్యి పెట్టి చూశాడు. సన్నది ఒక చుట్ట ఉంది. ఒక్క కుర్చీకి సరిపోతుంది.